1952 షెవర్లే 3100 హాట్ రాడ్ పికప్ అమ్ముతున్నా, ధర ఎంత పెట్టమంటారు?

పికప్_పంతులు (ఫ్రిస్కో, టెక్సస్) – మార్చి 2

అందరికీ నమస్కారం. పదేళ్లుగా ఈ బండి గోలతో మిమ్మల్ని విసిగిస్తూనే ఉన్నా. చివరికి అమ్మేద్దామని తేల్చుకున్నాం. అమ్మానాన్న జూన్‌లో వచ్చి ఇక మాతోనే ఉంటారు. గ్యారేజ్‌లో ఒక వైపు గది చేయించాలి. బండి బయట పెడదామంటే కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల ఉత్తరాలు ఇప్పటికే రెండొచ్చాయి.

కొత్తవాళ్ల కోసం వివరాలు. హాట్ రాడ్ అంటే ఇంజన్ లాంటివి మార్చి తమకి నచ్చినట్టు కట్టించుకున్న పాత బండి. 1952 షెవర్లే 3100, అర టన్ను, ఐదు కిటికీల క్యాబ్ (వెనక మూలల్లో వంపు అద్దాలుండే రకం). కంపెనీ ఇచ్చిన 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్ లేదు. ఇప్పుడున్నది 350 వీ8 (ఎనిమిది సిలిండర్లది), 700ఆర్4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ముందు మస్టాంగ్ 2 తరహా సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, వెనక ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్. వైరింగ్ 6 వోల్టుల నుంచి 12కి మార్పించాను. సీటు వెనకుండే పెట్రోల్ ట్యాంకు తీసేసి బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) కింద కొత్తది పెట్టించాను, లేకపోతే క్యాబంతా పెట్రోల్ వాసనే. బెడ్‌లో ఓక్ పలకలు. ముదురు ఆకుపచ్చ రంగు. ఏసీ పనిచేస్తుంది.

లోపాలు కూడా చెప్పేస్తా. ఎడమ తలుపు గట్టిగా వేస్తే తప్ప పడదు. ఫ్యూయెల్ గేజ్ అబద్ధాలు చెప్తుంది. వానొస్తే ముందద్దం మధ్య పట్టీలోంచి చుక్క చుక్క కారి సరిగ్గా డ్రైవర్ కుడి మోకాలి మీద పడుతుంది.

2014లో 11,000 డాలర్లకు కొన్నా. బిల్లులన్నీ దాచాను, కొన్న ధరతో కలిపి 71,000 దాటింది. 65,000 అడుగుదామని ఉంది.

ఓరుగల్లు_వీ8 (చికాగో) – మార్చి 2

అన్నా బండి మస్తుంది. 65 అంటే మాత్రం అందరూ ఫొటోలు చూసి పోతరు, ఒక్కడు ఫోన్ చెయ్యడు.

గ్రీజు_చేతులు (హ్యూస్టన్) – మార్చి 2

కాకి పిల్ల కాకికి ముద్దు పంతులూ. ఏమీ అనుకోవద్దు.

నువ్వు పెట్టిన ఖర్చుకీ బండి ధరకీ సంబంధం లేదు. హాట్ రాడ్‌లలో ఇది మామూలే, కట్టించుకున్నవాడు నష్టపోతాడు, రెండోసారి కొన్నవాడు బాగుపడతాడు. ఆ ఆకుపచ్చ రంగు నీకు ప్రాణం. కొనేవాడికి ఎర్రది కావాలేమో. నీ సీటు కుట్టుకి అయిన 3,800 ఆయన లెక్కలో సున్నా, మహా అయితే 'బాగుంది' అంటాడు.

బిల్లులు మాత్రం పారేయకు. ధర పెంచడానికి కాదు, పని ఎవరు చేశారో, ఏ భాగాలు వేశారో చూపించడానికి. పాత బండ్ల ధరలు లెక్కగట్టే హేగర్టీ వాళ్ల లెక్కలో బండి స్థితిని 1 నుంచి 4 దాకా చెప్తారు. 1 అంటే పోటీల్లో నిలబెట్టేది, 4 అంటే నడుస్తుంది గానీ లోపాలు కంటికి కనబడేది. మోకాలి మీద చుక్కలు పడే బండి 3. తలుపు, అద్దం రబ్బరు బాగు చేయిస్తే 2కి కాస్త దగ్గరవుతుంది. అయినా ఆ ధరలు ప్రధానంగా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండ్లవి. మార్చిన బండికి పనితనమే ధర. నా అంచనా 42 నుంచి 48 వేలు.

కాలిఫోర్నియా_కోడలు (శాక్రమెంటో) – మార్చి 3

ముందు శీర్షిక సంగతి. 1952 పికప్‌ని హాట్ రాడ్ అంటే మా మామగారి వయసు వాళ్లు ఇక్కడ కర్ర పట్టుకుని వస్తారు. ఆ మాట పుట్టింది మా రాష్ట్రపు ఎండిపోయిన చెరువుల్లో. మురాక్, ఎల్ మిరాజ్ లాంటి చోట్ల పాత ఫోర్డులకి మడ్‌గార్డులు ఊడదీసి పరుగులు పెట్టించేవాళ్లు. ఆ పందేలు నడిపే ఎస్‌సీటీఏ సంఘం 1937లో పుట్టింది. పాతకాలపు వాళ్ల లెక్కలో 1948, అంతకు ముందు మోడళ్లే అసలు సరుకు. తర్వాతివి 'కస్టమ్'.

టెక్సస్ నంబర్ ప్లేట్లలో కూడా ఈ గీత ఉంది కదా పంతులుగారూ? 1949కి ముందువి 'స్ట్రీట్ రాడ్', తర్వాతివి 'కస్టమ్ వెహికల్'. ప్రకటనలో రెండు మాటలూ రాయండి. వెతికేవాళ్లు ఏ మాటతో వెతుకుతారో తెలీదు.

పికప్_పంతులు – మార్చి 3

ఉంది మేడమ్. నా ప్లేటు మాత్రం ఆంటీక్‌దే, మార్చుకోలేదు. శీర్షిక మార్చను, ఇన్నేళ్లూ హాట్ రాడ్ అనే పిలిచాం :)

కోనసీమ_క్రోమ్ (అట్లాంటా) – మార్చి 3

పంతులుగారూ, ఆ ఫ్యూయెల్ గేజ్ ట్యాంకు మూడో వంతుకి వచ్చేదాకా 'ఫుల్' అనే చూపించి, ఆ తర్వాత టపీమని పడిపోతోందాండి?

పికప్_పంతులు – మార్చి 3

అచ్చం అంతే! మీకెలా తెలుసు?

కోనసీమ_క్రోమ్ – మార్చి 4

అబద్ధమాడేది గేజ్ కాదండి. జీఎం బండ్లలో 1965కి ముందు గేజ్‌లు 0 నుంచి 30 ఓమ్‌ల లెక్కలో పనిచేసేవి. ఆ తర్వాతవి 0 నుంచి 90. డ్యాష్‌బోర్డులో పాత గేజ్ అలాగే ఉంచి, కొత్త ట్యాంకులో 90 ఓమ్‌ల సెండర్ (పెట్రోల్ మట్టం కొలిచి గేజ్‌కి చెప్పే భాగం) వేసుంటారు. 30 దాటిందంటే పాత గేజ్‌కి అంతా ఫుల్లేనండి. సెండర్ మారిస్తే సరి, బోలెడు ఖర్చేం కాదు. కాకపోతే ట్యాంకు దించాలి.

పికప్_పంతులు – మార్చి 4

ఆ ట్యాంకు పెట్టిన షాపువాళ్లని మూడుసార్లు అడిగాను. 'పాత బండ్లు ఇంతే సార్' అని పంపేశారు. వైరింగ్ కూడా వాళ్లే, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు హారన్ బాగు చేస్తే వైపర్ ఆగింది. వైపర్ తర్వాత నేనే సరిచేసుకున్నా. ట్యాంకు దించే ఓపిక ఇప్పుడు లేదు, కొనేవాడికి చెప్పేస్తా.

గ్రీజు_చేతులు – మార్చి 5

ఇవన్నీ సరే. టైటిల్ (బండి నీదని చెప్పే కాగితం) తెరిచి చూశావా? అందులో నంబరూ, డ్రైవర్ వైపు తలుపు బందుల దగ్గర స్తంభానికి రివెట్లతో కొట్టిన రేకు మీద నంబరూ ఒకటేనా?

పికప్_పంతులు – మార్చి 5

అందరూ నవ్వకండి. పదేళ్లలో ఒక్కసారీ పోల్చి చూడలేదు. ఇప్పుడే టార్చిలైటు పట్టుకుని వెళ్లి చూశా. రేకు మీద ఒక నంబరు, టైటిల్‌లో అసలు సంబంధమే లేని ఇంకో నంబరు. కడుపులో దేవినట్టయింది. దొంగబండి కొన్నానా?

ఓరుగల్లు_వీ8 – మార్చి 5

టెన్షన్ పడకు అన్నా. గ్రీజన్న ఊరికే అడగడు, ఏదో తెలిసే అడిగిండు.

గ్రీజు_చేతులు – మార్చి 5

దొంగబండి కాకపోవచ్చు. ఇప్పటి 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) 1981 మోడళ్లతో వచ్చింది. అంతకు ముందు ఏ కంపెనీ పద్ధతి దానిది. 1950ల నాటి బండ్లకి చాలాచోట్ల టైటిల్‌లో ఇంజన్ నంబరే రాసేవాళ్లు. నీ టైటిల్‌లో ఉన్నది ఆ 216 ఇంజన్ నంబరే అయ్యుంటుంది. ఆ ఇంజన్ ఏ పాత సామాన్ల కొట్లోనో కరిగిపోయి ముప్పై ఏళ్లయ్యుంటుంది. కాగితం మాత్రం ఇంకా దాని పేరు మీదే నడుస్తోంది.

నువ్వు కొన్నప్పుడు ఎవరూ చూడలేదు, నడిచిపోయింది. రేపు కొనేవాడు వేరే రాష్ట్రంవాడైతే, అక్కడ తనిఖీ చేసేవాడు రేకు చూసి కాగితం చూస్తే అమ్మకం అక్కడే ఆగిపోతుంది. అందుకని ప్రకటన ఇవ్వకముందే సరిచేయించు.

ఇంకొకటి, బాగా గుర్తుపెట్టుకో. ఆ రేకుని ఊడదీయకు. మెరుగు పెడదామనో, కింద రంగు వేద్దామనో కూడా రివెట్లు ముట్టుకోకు. కాన్సస్‌లో ఒకాయన కొన్న 1959 కార్వెట్‌ని పోలీసులు పట్టుకెళ్లిపోయారు. రంగులు వేసేటప్పుడు పాత ఓనర్లెవరో రేకు తీసి మళ్లీ బిగించడమే కారణం. కొన్నాయన తప్పు ఇసుమంత లేదు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు, ఆఖరికి 2022లో ఆ రాష్ట్రం చట్టమే సవరించుకోవాల్సి వచ్చింది.

పికప్_పంతులు – మార్చి 6

రేపే కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్తున్నా. ధర సంగతి తర్వాత.

బెజవాడ_బుల్లెట్ (విజయవాడ) – మార్చి 9

బాబాయ్, ఇంత గొడవెందుకు, మాకు పంపెయ్యండి. షిప్పింగ్ ఎంతవుతుంది? బందర్ రోడ్డు మీద వేసుకుని తిరిగితే ఉంటుంది చూడండీ...

కోనసీమ_క్రోమ్ – మార్చి 9

షిప్పింగ్ కాదు తమ్ముడూ సమస్య. 2021లో మనదగ్గర వింటేజ్ బండ్లకి కొత్త నిబంధనలు వచ్చాయి. 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసుండకూడదు. అప్పుడే 'వీఏ' అక్షరాల నంబరు ఇస్తారు. ఈ బండిలో మార్చని భాగం ఏదో పంతులుగారినే అడగాలి. దానికి తోడు తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పైగా ఎడమ వైపు స్టీరింగు. బందర్ రోడ్డు ఎక్కకముందే ఆర్టీఓ ఆఫీసు మెట్లు అరిగిపోతాయి.

బెజవాడ_బుల్లెట్ – మార్చి 9

పోనీలెండి. మా తాతయ్య మాత్రం ఈ ఫొటో చూసి 'షెవర్లే లారీ ముక్కు ఇలాగే ఉండేదిరా' అన్నారు. మనదేశంలోనూ అమ్మేవాళ్లా ఇవి?

కాలిఫోర్నియా_కోడలు – మార్చి 10

జనరల్ మోటార్స్‌కి బొంబాయిలో బండ్లు బిగించే ఫ్యాక్టరీ ఉండేది. 1928లో మొదలెట్టి 1954లో మూసేశారు. తాతయ్య చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఆయన చేత ఆ కబుర్లు రాయించండి, వేరే చర్చ తెరుద్దాం.

పికప్_పంతులు – ఏప్రిల్ 18

ఆరు వారాల తర్వాత తిరిగొచ్చా. కౌంటీ ఆఫీసులో అమ్మాయి కాగితం చూసి లోపలికి వెళ్లింది, ఇంకొకావిడతో వచ్చింది, ఇద్దరూ చూసి డీఎంవీ (రాష్ట్ర వాహనాల శాఖ) ప్రాంతీయ ఆఫీసుకి పొమ్మన్నారు. వాళ్లు పోలీసుల ఆటో దొంగతనాల విభాగం నుంచి తనిఖీ కాగితం తెమ్మన్నారు. ఆ అధికారి అపాయింట్‌మెంట్ దొరకడానికే మూడు వారాలు.

వచ్చినాయన బండి చుట్టూ ఒక రౌండు కూడా వేయలేదు. తలుపు తీశాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు. రివెట్లు ఒక్కోటీ గోటితో తడిమి చూశాడు. రేకు అంచున ఎప్పటిదో పాత రంగు పొర రివెట్ తల మీదకి కూడా ఎక్కి గడ్డకట్టి ఉంది. దాన్నే ఫొటో తీసుకున్నాడు. 'ఇది ఎవరూ ఊడదీయలేదు' అన్నాడు. ఆ పొరని గీకి శుభ్రం చేద్దామని మూడేళ్ల కిందట గరుకు కాగితం చేత్తో పట్టుకుని, ఎవరో పిలిస్తే వదిలేశాను. ఎవరు పిలిచారో గుర్తులేదు గానీ వాళ్లకి రుణపడి ఉన్నా.

దొంగబండ్ల జాబితాలో లేదు. రేకు నంబరుతో కొత్త టైటిల్ నిన్న పోస్టులో వచ్చింది.

గ్రీజు_చేతులు – ఏప్రిల్ 18

శుభం. ఇప్పుడు అమ్ము. ఫొటోలు పొద్దున్నో సాయంత్రమో తియ్యి, మిట్టమధ్యాహ్నం వద్దు. పైన పది తీస్తే కింద ఇరవై తియ్యి. ముఖ్యంగా ముందు సస్పెన్షన్ ఛాసిస్‌కి అతికిన చోట వెల్డింగ్. మస్టాంగ్ 2 సామాన్లు ఎవరైనా కొంటారు, సరిగ్గా అతకడమే అందరికీ రాదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసే వీడియో కూడా పెట్టు.

ఓరుగల్లు_వీ8 – ఏప్రిల్ 19

ఆన్‌లైన్ వేలం పెట్టరాదే? బ్రింగ్ ఎ ట్రెయిలర్‌లో చివరి రెండు నిమిషాల్ల ఎవడన్న పాట పాడితే గడువు మళ్ల పెరుగుతది. ఇద్దరికి పంతం పడిందంటే నీ పంట పండినట్లే.

పికప్_పంతులు – ఏప్రిల్ 19

ఆలోచించా. అక్కడ కింద వ్యాఖ్యలు చదివావా? ఒక్క నట్టు తేడాగా ఉన్నా వంద మంది తగులుకుంటారు. వారం రోజులు ఆఫీసు పని మానేసి జవాబులు చెప్పాలి. ముందు ఊళ్లోనే చూస్తా. 49,500 పెట్టి ప్రకటన ఇచ్చా. గేజ్ సంగతి, రబ్బరు సంగతి అన్నీ రాశా. తలుపు మాత్రం బందులు సరిచేయించాను, ఇప్పుడు వేలితో నెట్టినా పడుతోంది.

పికప్_పంతులు – ఏప్రిల్ 27

ఇప్పటిదాకా ముప్పై ఒక్క మెసేజ్‌లు. అందులో ఇరవై రెండు 'ఇంకా ఉందా?' అనే. ఉంది అంటే మళ్లీ మాట్లాడరు. ఒకడు జెట్‌స్కీ ఇస్తా మార్చుకుందాం అన్నాడు.

ఒకాయన మాత్రం బేరం కూడా ఆడకుండా ఒప్పేసుకున్నాడు. ఊళ్లో లేడట, 53,000కి క్యాషియర్ చెక్కు (బ్యాంకే రాసిచ్చే చెక్కు) పంపిస్తాడట. ఎక్కువ మొత్తం ఎందుకంటే, ట్రక్కు తీసుకెళ్లేవాడికి ఆ 3,500 నేనే ఇచ్చేయాలట.

కాలిఫోర్నియా_కోడలు – ఏప్రిల్ 27

పంతులుగారూ బ్లాక్ చేసేయండి, ఇప్పుడే. చెక్కు చూడ్డానికి అసలుదానిలాగే ఉంటుంది. మీ బ్యాంకు రెండు రోజుల్లో డబ్బు చూపిస్తుంది కూడా. మీరు 3,500 పంపాక వారానికో పది రోజులకో నకిలీ అని తేలుతుంది. అప్పుడు బ్యాంకు మీ దగ్గరే వసూలు చేస్తుంది. బండి చూడకుండా, బేరమాడకుండా, ఎక్కువ డబ్బు పంపేవాడు కొనేవాడు కాదు.

పికప్_పంతులు – మే 11

నిన్న ఒకాయన వచ్చాడు, శాన్ ఆంటోనియో నుంచి. అరవై ఐదు పైనే ఉంటాయి, జీవితమంతా వెల్డింగ్ పనే చేశాడట. కూతురు కారులో దింపింది. నేను బానెట్ తెరిచి వీ8 చూపిద్దామని నిలబడ్డా. ఆయన అటు చూడనే లేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు, దానికి గుడ్డ చుట్టి ఉంది, రంగు గీరుకుపోకుండా. క్యాబ్ కింది మూలలు, తలుపు కింద గడప రేకులు, మడ్‌గార్డు అంచులు వరసగా ఆనించుకుంటూ వెళ్లాడు. కుడి మూలలో ఒకచోట అయస్కాంతం జారిపోయింది. అక్కడ రేకు తుప్పు పట్టి, పుట్టీ పెట్టి మూశారు. నాకు తెలీదంటే నమ్మండి, నేను కొన్నప్పటి నుంచీ ఉన్నదే. ఆయన నా ముఖం చూసి 'తెలీదు కదూ' అని నవ్వాడు.

తర్వాత అట్టముక్క పరుచుకుని కిందికి దూరాడు. పావుగంట కాళ్లు మాత్రమే కనబడ్డాయి. బయటికి వచ్చి ముందు వెల్డింగ్ ఎవరు చేశారని అడిగాడు. బిల్లు చూపించా. 'పనివాడే' అన్నాడు. అప్పుడు గానీ ఇంజన్ స్టార్ట్ చేయమనలేదు.

42,000 అన్నాడు. నేను 47 అన్నా. ఆ పుట్టీ మూల కోసి కొత్త రేకు అతకాలి కదా అన్నాడు, నా దగ్గర జవాబు లేదు. 44,000 దగ్గర చెయ్యి కలిపాం. ఆ తర్వాత ఆయన కూతురు నన్ను పక్కకి పిలిచి, కాగితంలో 20,000 అని రాయండి, ట్యాక్స్ తగ్గుతుంది అంది. ఇది మామూలేనా?

గ్రీజు_చేతులు – మే 11

అడగడం మామూలే, రాయడం నేరం. 130-యూ ఫారం (టైటిల్ మార్పిడి దరఖాస్తు) మీద కొన్నవాడితో పాటు నువ్వూ సంతకం చేస్తావు. టెక్సస్‌లో 6.25 శాతం, అంటే 44,000 మీద 2,750. అది వాళ్లు కట్టుకోవాల్సింది. వాళ్ల ట్యాక్స్ కోసం నువ్వు అబద్ధం సంతకం పెట్టకు.

కోనసీమ_క్రోమ్ – మే 12

డబ్బు వైర్ ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి, ఇద్దరూ బ్యాంకులోనే కూర్చుని. మీ అకౌంట్‌లో పడ్డాకే టైటిల్ మీద సంతకం. నంబర్ ప్లేట్లు మీరు విప్పేసుకోండి. డీఎంవీకి అమ్మేసినట్టు ఆ రోజే ఆన్‌లైన్‌లో తెలియజేయండి, లేకపోతే రేపు ఆ బండి ఎక్కడ ఏ టోల్ రోడ్డు ఎక్కినా బిల్లు మీ ఇంటికే. ఇన్సూరెన్స్ మాత్రం బండి గేటు దాటేదాకా తీయకండి.

పికప్_పంతులు – మే 18

అయిపోయింది. అన్నీ మీరు చెప్పినట్టే చేశాను. కాగితంలో 44,000 అనే రాశాం, పెద్దాయన కూతురి వైపు ఒక చూపు చూశాడంతే. బ్యాంకు నుంచి కౌంటీ ఆఫీసుకి కూడా కలిసే వెళ్లాం. గేజ్ సంగతి రెండుసార్లు చెప్పా, 'ఫుల్ అని చూపిస్తుంది, నమ్మకండి, మొదటి బంకులోనే కొట్టించండి' అని. తల ఊపాడు.

మా అమ్మాయి వీధి చివరిదాకా సైకిల్ మీద వెంటపడింది. నేను ప్లేట్లు పట్టుకుని వాకిట్లో నిలబడ్డా. గ్యారేజ్ నేల మీద నూనె మరక ఒకటి మిగిలింది, గది కట్టేవాళ్లు సోమవారం వస్తారు.

ఓరుగల్లు_వీ8 – మే 18

దావత్ ఎప్పుడన్నా?

పికప్_పంతులు – మే 18

71 పెట్టి 44 తెచ్చుకున్నవాణ్ని దావత్ అడుగుతావా!

పికప్_పంతులు – మే 19

రాత్రి తొమ్మిదింటికి పెద్దాయన ఫోన్. వేకో దాటాక హైవే పక్కన బండి ఆగిపోయిందట. నా గుండె జారిపోయింది, ఇంజనా, గేర్‌బాక్సా అని. 'గేజ్ ఫుల్ చూపిస్తోంది కదా అనుకున్నా' అన్నాడు. కూతురు వెనకే కారులో వస్తోంది కాబట్టి సరిపోయింది, డబ్బాలో పెట్రోల్ తెచ్చి పోసింది. ఏ ఓమ్‌ల సెండర్ కొనాలో కనుక్కుని చెప్పమన్నాడు. కోనసీమ గారూ, కాస్త వివరంగా రాసి పెట్టండి, నేను పంపిస్తా.

కోనసీమ_క్రోమ్ – మే 19

0–30 ఓమ్‌లది అడగమనండి. ట్యాంకు లోతు కొలిచి తీసుకోవాలి, సెండర్ చెయ్యి మరీ పొడుగైతే అడుగున తగిలి మళ్లీ తప్పు చూపిస్తుంది. దించేముందు ట్యాంకు ఖాళీ చేసుకోమనండి. ఆ పని ఇప్పటికే సగం అయిపోయినట్టుంది లెండి.